తీర్మానాల పుస్తకం, పదకొండో పేజీ

నర్సంపేటల ఎరువుల దుకాణం మీది అర్ర.
కింద యూరియా వాసన, మీద ఫ్యాను చప్పుడు.
పదిహేడు మంది సభ్యులం, పన్నెండు కుర్చీలు.
నా చేతిరాత గుండ్రంగుంటదని
మూడేండ్ల కింద పెన్ను నా చేతుల పెట్టిండ్రు.
అప్పటిసంది మాట్లాడుడు తగ్గింది నాకు.
రాసేటామె వినాలె గదా.

"మొదటిది రాయి చెల్లె" అన్నడు అధ్యక్షుడు ఓదెలు.
మిర్చి బస్తాకు రెండు కిలోల తరుగు బందు చెయ్యాలె.
రాసిన: తరుగు పేరిట కోత విధించరాదు.
చేన్ల కోతకు, ఏనుమాముల యార్డుల కోతకు
అక్షరాలు అవే.
చేన్లది మనం కోస్తం.

రెండోది కోతులు.
అందరు నవ్విండ్రు, మక్క పెట్టినోళ్ళు తప్ప.
"అడవి నరికినోడు కోతికి నష్టపరిహారం కట్టాలె,
కోతి మనకు కట్టాలె" అన్నడు సారంగం.
అది రాయలే.
అంచుకు చిన్న తోక గీసిన.

మూడోది పాకాల కాలువ, చివరి తూము.
నీళ్ళు రావాలె అని అందరన్నరు.
ఎవరు వదలాలె అన్నప్పుడు
మీది ఊర్లోళ్ళు ఇద్దరు
కిటికీలకెల్లి ఆటోలు లెక్కపెట్టిండ్రు.

నాలుగోది పత్తిల తేమ.
పొద్దుగాల ఒక లెక్క, పగటీలి ఇంకో లెక్క.
మిషిను ఎవనిదో తేమ వాని ఇష్టం.
చాయ వచ్చింది.

ఐదోది: పెట్టుబడి సాయం నేరుగా రైతుకే అందాలె.
అందరు "అవునవును" అన్నరు.
పెన్ను దించుతుంటే తలుపు కాడి నుంచి
గుగులోతు కేళి అడిగింది:
"రైతంటె ఎవలు?"

కేళి సభ్యురాలు గాదు.
రశీదు కొయ్యాలంటే పాసుబుక్కు నంబరు గావాలె.
ఓదెలుదే నాలుగెకరాలు, తొమ్మిదేండ్ల సంది
ఆమె కౌలు.
"విత్తనం నాది, మిత్తి నాది.
మొన్న వానకు మునిగింది నేను.
టింగుమన్నది నీ ఫోను."

ఓదెలు ఫోను బల్ల మీదనే ఉండె,
బోర్లా.

"కాగితం మీద కౌలని పడితే
రేపు భూమి నాదంటరు" అన్నరెవరో వెనుక నుంచి.
"భూమి నాదనను" అన్నది కేళి.
"పంట నాదంట."

ముసలి అంకూసు గొంతు సవరించిండు.
పాత పహాణీల ఒక గడి ఉండేదట,
సాగు చేసేటోని పేరు రాసేది.
కొత్త బుక్కుల అది లేదు.
"గడీలు కూలగొట్టినమని ఎగిరినం.
గడి గూడ పోయిందని ఎవ్వనికి ఎరుకలే."

చేతులెత్తుమన్నరు.
కావాలని ఆరు. వద్దని ఆరు.
నలుగురు చాయ తాగుతున్నరు, బాగ నెమ్మదిగ.
ఓదెలు గూడ ఆ నలుగుర్ల ఒకడు,
అతని గిలాస ఎప్పుడో ఒట్టిది.
నా చెయ్యి పెన్ను పట్టుకొని ఉండె,
దాన్ని ఎవ్వరు లెక్కపెట్టలే.

"రైతు అనగా" అని రాసి గీత గీసిన.
నా రశీదు మీదున్న నంబరు
మా ఆయనది.
ఇరువై రెండేండ్లు నాట్లేసిన నడుము,
ఏ బుక్కుల ఏ పేజీల లేదు.
ఇది ఆ రాత్రి యాదికొచ్చింది. మీటింగుల రాలే.

సోమవారం ప్రజావాణిల ఇయ్యాలె.
హన్మకొండల టైపు పిలగాడు
చెవుల తీగెలు తీసి అడిగిండు:
"అక్కా, ఈ గీత తర్వాత ఏం కొట్టాలె?"

"దున్నేటోళ్ళు, నాటేటోళ్ళు,
కాగితం ఉన్నా లేకున్నా."

"మీ సంఘం ఒప్పుకున్నదా?"

"ఏడు, ఆరు" అన్న.

వాడు కొట్టిండు.
కోతి తోక గూడ కొట్టాల్నా అనడిగిండు.